కీటో 11వ వారం: నేతి గరిటె చేసిన నిర్వాకం

పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే ఈ కీటో పద్ధతిలో, ఇరవై మూడు రోజులుగా 78.6 కిలోల దగ్గర మొరాయించిన బరువు మొన్న శనివారం 77.9కి దిగింది. సంతోషించవలసిందే గానీ, ఇన్నాళ్లూ ఎందుకు మొరాయించిందో తెలిశాక నా మీద నాకు చిరాకే మిగిలింది.

ఆ రోజులన్నిటా 1,650 కేలరీలు, 25 గ్రాముల లోపు పిండిపదార్థాలు అని శ్రద్ధగా రాసుకుంటూనే ఉన్నాను. ఉదయం రక్తంలో కీటోన్లు (కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే పదార్థాలు) లీటరుకు 1.2 నుంచి 1.5 మిల్లీమోల్ మధ్య నిలకడగా ఉండటంతో తిండి లెక్కను శంకించాలని తోచనే లేదు. మొదట బరువు చూసే యంత్రాన్నే అనుమానించి, పది కిలోల బియ్యం సంచిని చంకన పెట్టుకుని ఎక్కితే తేడా సరిగ్గా 10.0 వచ్చింది, కీటో చేసేవాడి ఇంట్లో బియ్యం ఈ విధంగానైనా పనికొచ్చాయి. తరువాత నేరం పెరుగు మీదికి నెట్టి, రోజూ తినే 150 గ్రాములూ ఆరు రోజులు మానేస్తే బరువు తగ్గలేదు సరికదా మలబద్ధకం పట్టుకుంది. ఒంట్లో నీరు నిలిచిందేమోనని ఉప్పు తగ్గించిన రెండో రాత్రే పిక్కలు పట్టేశాయి.

చివరకు స్టీలు గిన్నెను వంటింటి తూకంపై ఉంచి సున్నా చేసి, ఇన్నాళ్లూ ఒక టేబుల్ స్పూనుగా లెక్కిస్తున్న నేతి గరిటెతో కరిగిన నెయ్యి పోశాను. 14 గ్రాములు ఉండవలసిన చోట 22.6 చూపింది, నమ్మకం కుదరక మరో నాలుగుసార్లు పోసినా 21.8కి తగ్గలేదు. రోజుకు నాలుగు గరిటెల మీద 34 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 300 కేలరీలకు పైగా అదనం. 30 గ్రాములని రాసుకున్న గుప్పెడు వేరుశనగపప్పు తూస్తే 47 తేలింది, అక్కడ మరో 95. వెరసి నా 1,650 నిజానికి 2,050. తిన్న నెయ్యి కూడా కీటోన్లుగా మారుతుంది కనుక, ఆ అంకెను చూసి ఒంటి కొవ్వు కరుగుతోందని మురిసిపోవడం నా తెలివితక్కువతనం.

రక్త పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెరను చూపే అంకె) 6.1 నుంచి 5.6కు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 190 నుంచి 95కు తగ్గాయి. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 113 నుంచి 177కి ఎగబాకింది. మొత్తం కొలెస్ట్రాల్ 248లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 52ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు 19ని తీసివేసి కట్టిన లెక్క అది. రోజుకు 90 గ్రాముల నెయ్యి, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు పడుతుంటే ఇంకెక్కడికి పోతుంది!

కీటోన్లు కొలవడానికి మూత్రంతో పరీక్షించే పట్టీల కంటే రక్తంతో పరీక్షించే పట్టీలే మేలన్నది నా అభిప్రాయం, ఖరీదు ఎంతైనా. గానుగ నూనె రుచికి మంచిదే గానీ దానిలోనూ గ్రాముకు 9 కేలరీలే. సోమవారం నుంచి నెయ్యిని 15 గ్రాములకు కుదించి, మిగతాది నువ్వుల నూనెకు మార్చి, ఆరు వారాల తరువాత పరగడుపున మళ్లీ పరీక్ష చేయించి డాక్టరు గారికి చూపిస్తాను. కొబ్బరి పచ్చడి గరిటెను ఇంకా తూకం వేయలేదు.