నుంగంబాక్కంలో పది టన్నుల రాయి

మద్రాసులో చింతాద్రిపేట స్టేషన్ నుంచి నుంగంబాక్కం కాలేజీ రోడ్డులోని వాతావరణ కేంద్రానికి ఎంత దూరమని? గట్టిగా మూడు, మూడున్నర కిలోమీటర్లు. ఆటో అతను రెండు వందల యాభై అడిగాడు. మీటరు వేయమంటే ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ డబ్బుతో మా బందరు కోనేరు సెంటరు నుంచి మంగినపూడి దాకా షేర్ ఆటోలో ఇంటిల్లిపాదీ వెళ్లవచ్చు. మార్చి ఇంకా ముగియలేదు, పొద్దున తొమ్మిదిన్నరకే చొక్కా వీపుకు అంటుకుపోతోంది. బేరం రెండు వందల దగ్గర తెగింది. దిగేదాకా అతనూ నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నిజానికి నా చిరాకు ఆటోతో మొదలైంది కాదు. ముందు రోజు రాత్రి వేళచ్చేరిలో అక్కయ్య ఇంట్లో భోజనాల దగ్గరే మొదలైంది. "వానలు కొలిచే చోటు చూడడానికి బందరు నుంచి పని కట్టుకుని వచ్చావా? ఈ వాన కబుర్లు నమ్మి బాగుపడిన వాళ్లెవరు?" అన్నారు బావగారు. 2015 డిసెంబరు వరదలో వాళ్ల ఇల్లు నడుములోతు మునిగింది. పిల్లల సర్టిఫికెట్లు, అక్కయ్య పెళ్లి ఫొటోలు, బీరువాలోని బట్టలు అన్నీ పోయాయి. ఆయన కోపం అక్కడిది, దాన్ని కాదనలేను. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. పెరుగన్నం కలుపుకుని మాట్లాడకుండా తినేసి లేచాను.

బందరులో పుట్టినవాడికి వాన కబురు ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం మా ఊరి మీదికి వచ్చింది. ముప్పై వేల మంది పోయారని లెక్క. రేవు పట్టణంగా బందరుకున్న వైభవం ఆ తర్వాత మళ్లీ కోలుకోలేదు. నా చిన్నతనంలో అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు ఆ ఉప్పెనను తాము కళ్లారా చూసినట్టే చెప్పేవారు. నిజానికి అది వాళ్ల తాతల కాలం నాటిది. ఇక నేను ఎరిగిన ఉప్పెన 1977 నవంబరు 19ది. మా పెద్దమ్మ వాళ్లది కోడూరు వైపు. ఆ ఇంట్లో రేడియో లేదు. ఇంతకు మించి ఇక్కడ రాయలేను.

మార్చి 23 ప్రపంచ వాతావరణ దినం. 1950లో ఆ రోజునే ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంగంబాక్కం ప్రాంతీయ వాతావరణ కేంద్రంలోకి బడిపిల్లలతో పాటు నాబోటి వాళ్లనూ రానిస్తారని విని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. గేటు దగ్గర ఆధార్ కార్డు చూసి, పేరు రాసుకుని, మర్యాదగా లోపలికి పంపారు. హాలులో రాడార్ బొమ్మలు, ఉపగ్రహ చిత్రాలు పెట్టారు. పిల్లలు వాటి చుట్టూ గుమిగూడి ఉన్నారు. అవి ఫోనులో రోజూ చూస్తున్నవే కాబట్టి నేను ఎక్కువసేపు నిలబడలేదు. రాతి స్తంభం ఎక్కడుందని అడిగి అటు నడిచాను.

చెట్ల మధ్య ఉంది. అడుగున లావుగా మొదలై పైకి సన్నబడుతూ పోయే గ్రానైట్ స్తంభం. బరువు పది టన్నులు. తల బాగా పైకెత్తితే గాని కొస కనిపించదు. 1792లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ నక్షత్రశాల కట్టినప్పుడు, దూరదర్శిని రవ్వంత కూడా కదలకూడదని దీని మీద నిలబెట్టారు. రాయి మీద కట్టినవాడి పేరు ఉంది, మైకేల్ టాపింగ్ అని. చుట్టూ తిరిగాను. తమిళ అక్షరాలు కనిపించాయి. ఇంకొంచెం తిరిగేసరికి తెలుగు అక్షరాలు.

అలాగే నిలబడిపోయాను. సి.పి. బ్రౌన్ పుట్టడానికి ఆరేళ్ల ముందు చెక్కిన తెలుగు అది. రాయి అరిగింది, అప్పటి రాత తీరు వేరు, కూడబలుక్కుని చదవాలి. అయినా మన గుండ్రటి అక్షరాలే. మద్రాసులో మొదలైన ఈ శాస్త్రం సంగతి వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు కూడా తెలియాలని ఇన్ని భాషల్లో చెక్కించారట. సర్కారు జిల్లాలు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టి తెలుగు లేకుండా ఎలా కుదురుతుంది? ఆ కంపెనీ మన మీద పెట్టిన పన్నులూ మన నేత పనివాళ్లను పెట్టిన బాధలూ మరచిపోయి ఈ మాట అనడం లేదు. కానీ ఆ రాయి ముందు నిలబడినప్పుడు నాకు సంతోషమే కలిగింది.

దాని కన్నా పెద్ద ఆశ్చర్యం టాపింగ్‌ది. కోరమండల్ తీరాన్ని కొలిచి పటాలు గీసిన సర్వేయరు ఆయన. సహజమైన రేవులు దాదాపు లేని ఈ తీరంలో ఓడ ఎక్కడుందో సరిగ్గా తెలియాలంటే రేఖాంశం తెలియాలి, రేఖాంశానికి నక్షత్రాలు చూడాలి. అందుకే నక్షత్రశాల కావాలని కంపెనీని ఒప్పించాడు. తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించే వీలుందా అని మన డెల్టాలో కొలతలు తీస్తూ తిరిగాడు. అది కాటన్ దొరకు అర్ధశతాబ్దం ముందు మాట. చివరకు 1796 జనవరిలో జ్వరం వచ్చి పోయాడు. పోయింది మా బందరులోనే. ఆ ఊళ్లోనే చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే రిటైరైన నాకు ఏ మాస్టారూ ఈ పేరు చెప్పలేదు. మద్రాసు దాకా వచ్చి రాతి మీద చూడవలసి వచ్చింది.

సరిగ్గా ఆ 1796లోనే, ఆయన తర్వాత నక్షత్రశాలను చూసుకున్న గోల్డింగ్‌హామ్ రోజువారీ వాతావరణ లెక్కలు రాయించడం మొదలుపెట్టాడు. నక్షత్రాలు చూసేవాళ్లకు వానతో పనేమిటని అనిపిస్తుంది. గాలి వేడి, గాలి బరువు మారితే నక్షత్రం నుంచి వచ్చే వెలుగు వంగే తీరూ మారుతుంది, ఆ మేరకు లెక్క సరిదిద్దుకోవాలి. అందుకని ఉష్ణమాపకం, బారోమీటరు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండేవి. 1899లో నక్షత్రాల పని కొడైకెనాల్ కొండ మీదికి వెళ్లిపోయింది. వాన లెక్క మాత్రం ఈ ఆవరణ వదల్లేదు.

ఇదంతా నాకు వివరంగా చెప్పినది అక్కడ పనిచేసే ఒక పెద్దమనిషి. నేను తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి చదువుకోవడం చూసి "ఏ ఊరండీ మనది?" అంటూ వచ్చారు. ఆయనది గూడూరు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. బందరు అనగానే ఆయన ముఖం మారింది. "అయితే మీకు ఇవన్నీ చూపించాలండీ" అని తోటలోకి తీసుకెళ్లారు.

కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె. నాలుగు వైపులా వాలుగా అమర్చిన పలకలు, గాలి ఆడుతుంది గాని ఎండ పడదు. స్టీవెన్సన్ అనే స్కాట్లాండు దీపస్తంభాల ఇంజనీరు రూపొందించిన పెట్టె ఇది. తలుపు ఉత్తరం వైపే ఎందుకుందో అడిగారు నన్ను. తెరిచినప్పుడు సూర్యుడి ఎండ నేరుగా లోపల పడకూడదని ఆయనే చెప్పారు. లోపల నాలుగు ఉష్ణమాపకాలు: పగటి గరిష్ఠానికి ఒకటి, రాత్రి కనిష్ఠానికి ఒకటి, మామూలుది ఒకటి, తడిగుడ్డ చుట్టినది ఒకటి. ఆ చివరి రెండింటి మధ్య తేడా చూస్తే గాలిలో తేమ ఎంతో తెలుస్తుంది. నా చొక్కా తడిసి ముద్దయిన సంగతి ఆ తడిగుడ్డ పాదరసం అంకెల్లో చెబుతోంది.

వర్షమాపకం దగ్గర ఆయన ఒక మగ్గుతో నీళ్లు పోసి, అడుగునున్న సీసా తీసి, కొలత గాజు గొట్టంలోకి వంచి, కళ్లు నీటిమట్టానికి సమంగా తెచ్చుకుని చదివారు. "పేపర్లో గత 24 గంటల్లో అని రాస్తారు కదండీ, అది పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. పండగైనా, ఇంట్లో చావైనా ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు ఈ సీసా దగ్గర ఉండాల్సిందే." మూడేసి గంటలకోసారి చూసినవన్నీ అయిదేసి అంకెల గుంపులుగా మార్చి పంపుతారు. పూర్వం తంతితో వెళ్లేవి, ఇప్పుడు కంప్యూటరులో వెళ్తున్నాయి. తుపాను దగ్గర పడితే తీరంలోని కేంద్రాల్లో గంటకోసారి చూడాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న తీర కేంద్రంలో, చెట్లు విరిగి పడుతున్న రాత్రి, టార్చిలైటు చంకలో పెట్టుకుని గోడను పట్టుకుని నడిచి వెళ్లి లెక్క రాశానని చెప్పారు. "భయం వేయలేదా?" అన్నాను. "వేసిందండీ. ఆ గంట ఖాళీగా ఉంటే పటంలో మా ఊరు ఉండదు కదా, అందుకని వెళ్లాను" అన్నారు.

అప్పుడు మా ఇద్దరి మధ్య 1864 వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 5న కలకత్తాను తుపాను ముంచింది, నెల తిరక్కుండా బందరును ముంచింది. కలకత్తా రేవుకు మరుసటి ఏడాదే తుపాను హెచ్చరికల ఏర్పాటు చేశారు. మన తీరంతో సహా దేశంలోని రేవులన్నిటికీ అది చేరడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ప్రాణాల లెక్క కన్నా ఓడల్లోని సరుకు లెక్క ముందు చూశారని నేనంటాను. ఆయన కాదనలేదు. "మొదట రేవుల కోసం, తర్వాత కరువుల కోసం. శిస్తు రావాలి కదండీ" అన్నారు.

కరువుల మాట నిజమే. ఒడిశా కరువు తర్వాత 1875లో దేశమంతటికీ ఒకే వాతావరణ శాఖ పెట్టి, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను అధిపతిని చేశారు. మరుసటి ఏడాదే మన రాయలసీమ, మద్రాసు, దక్కను ప్రాంతాలను ఎండగట్టిన ధాత కరువు మొదలైంది. రుతుపవనాన్ని ముందే పసిగట్టలేమా అని ప్రభుత్వం అడిగింది. హిమాలయాల్లో మంచు ఎక్కువగా కురిసిన ఏడు వానలు తగ్గుతున్నాయని బ్లాన్‌ఫోర్డ్ గమనించాడు. దాని ఆధారంగా 1886లో దేశపు తొలి రుతుపవన సూచన వెలువడింది. అనంతపురం చేలో పడే చినుకును హిమాలయం మంచులో వెదకడం ఎంత సాహసం! ఆ సూచనలు చాలాసార్లు తప్పాయి. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ అనే గణితవేత్త అంతకన్నా దూరం వెళ్లి, పసిఫిక్ సముద్రం మీద గాలి బరువు ఊగిసలాటకూ మన వానలకూ ఉన్న బంధం చూపాడు. పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్ నినో వల్ల మన వానలు తగ్గవచ్చని ఈరోజు టీవీలో వినే మాటకు వేళ్లు అక్కడున్నాయి. ఇవన్నీ ఎవరో పొద్దున్నే లేచి సీసాలు చూసి రాసిన అంకెల్లోంచే తేలాయి.

1977 గురించి నేను అడగలేదు. ఆయనే ఎత్తారు. లెక్క కట్టడం ఒక సగమైతే కబురు ఇంటికి చేరడం ఇంకో సగం అన్నారు. ఎనభైల్లో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరంలోని ఊళ్లకు నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు పెట్టారు. 1990 మేలో అంతే తీవ్రమైన తుపాను మళ్లీ మన కృష్ణా తీరానికే వచ్చింది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ వెయ్యి కూడా చిన్న లెక్కేమీ కాదు. కానీ ఆ తేడాలో మా పెద్దమ్మ లాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. బావగారికి రాత్రి చెప్పలేకపోయిన జవాబు ఇదే.

రెండున్నర లెక్కకు వేళ కావడంతో ఆయన లేచారు. వెళ్తూ వెళ్తూ మరో మాట చెప్పారు. ఈ మద్రాసు నక్షత్రశాలలో ఖగోళవేత్త టేలర్ దొర దగ్గర చదువుకున్న మన తెలుగు జమీందారు గోడే వెంకట జగ్గారావు, 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టారట. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు అక్కడే వాన, గాలి లెక్కలు కూడా రాస్తూ వచ్చారట.

బయటికి వచ్చి ఆంధ్రా మెస్ ఒకటి వెదుక్కున్నాను. భోజనం రెండు వందల ఇరవై. పప్పు రెండోసారి వడ్డించడానికి వెనకాడారు, గోంగూర మాత్రం బాగుంది. తింటూనే ఫోనులో విశాఖ వెళ్లే రత్నాచల్ రైలుకు సీటు చూసుకున్నాను. డాబా గార్డెన్స్‌లో జగ్గారావుగారి నక్షత్రశాల ఉన్న చోటు తెలిసిన విశాఖవాసులు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి స్టేషన్ నుంచి దారి చెప్పండి. ఆటో ఎంత అడుగుతారో కూడా చెప్పండి.