నూట అరవై మూడా, నూట డెబ్బై మూడా

“తప్పు చెప్తున్న అని నాకు అప్పుడే తెలుసు బాబా. కానీ తెలుగులనే చెప్పాలె అన్నది నువ్వే కదా.”

పదమూడేళ్ల మా అమ్మాయి ఈ మాట అన్నప్పుడు, ఆమె ఎయిర్ రైఫిల్ వేగాలు రాసుకున్న నోటుపుస్తకం నా చేతిలో ఉంది. మరమ్మతు అక్కరలేదని నాగపూర్ నుంచి తిరిగొచ్చిన రైఫిల్ బల్ల మీద ఉంది. లేని లోపం కోసం ఆ రైఫిల్‌ను నేను పంపేయడంతో ఆమె పదహారు రోజులు సాధన మానుకుని కూర్చుంది. లోపం రైఫిల్‌లో లేదు, వేగం కొలిచే పరికరంలోనూ లేదు. ఇంట్లో అంకెలు తెలుగులోనే పలకాలని నేను పెట్టిన నియమంలో ఉంది.

మేము బల్లార్షాలో ఉంటాము. నేను బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌ను, మాది మంచిర్యాల దగ్గరి పల్లె. ఇక్కడ రైలెక్కి వర్ధా వంతెన దాటితే గంటా గంటన్నరలో సిర్పూర్ కాగజ్‌నగర్ వస్తుంది. ఇంత దగ్గరలో ఉండి ప్రవాసం అనడమేమిటని బంధువులు అంటారు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిదికి సముద్రాలు అడ్డం కనుక ఆయన బాధ అందరికీ అర్థమవుతుంది. మాకు అడ్డం ఉన్నది ఒక్క వంతెనే అయినా, మరాఠీ బడిలో చదివే పిల్ల నన్ను నాన్న అనకుండా బాబా అని పిలవడానికి ఆ ఒక్క వంతెనా సరిపోయింది.

అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లాకు చెందిన స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన రోజున వాళ్ల బడి అంతా పండగ చేసుకుంది. ఆ వారమే తనకూ నేర్పించమని పట్టుబట్టింది. ఆ ఆటలో గురి ఎంత చిన్నదో బయటివాళ్లకు తెలియదు. పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు, రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, వ్యాసమేమో 4.5 మిల్లీమీటర్లు. ఒక వలయానికీ పక్క వలయానికీ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లు మాత్రమే.

పెల్లెట్ నిదానంగా వెళ్తే దారిలో ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువసేపు ఉంటే ఎక్కువ కిందికి దిగుతుంది. గాలి నిరోధాన్ని వదిలేసి లెక్క వేసినా, సెకనుకు 173 మీటర్ల వేగంతో బయలుదేరినది పది మీటర్లు వెళ్లేసరికి 16.4 మిల్లీమీటర్లు దిగుతుంది, 163 మీటర్లతో బయలుదేరినది 18.4 మిల్లీమీటర్లు దిగుతుంది. తేడా రెండు మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక వలయం. రైఫిల్ మీద గురి చూసే సైట్‌ను సరిచేసుకుని ఎంత దిగినా సర్దుకోవచ్చు గానీ, వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటే సర్దుకునే దారి లేదు. అందుకే అన్ని పెల్లెట్లూ ఒకే వేగంతో వెళ్తున్నాయో లేదో కొలవాలనుకున్నాను.

వేగం కొలిచే సంగతి నాకు చెప్పింది మా బావమరిదే. ఆయన అక్కడ తన వేట రైఫిల్‌కు తూటాలు తానే కూర్చుకుంటాడు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. అక్కడ మామూలు పౌరులు కూడా వాడిన ఇత్తడి తొడుగుకు మందును అంటించే కొత్త ప్రైమర్ పెట్టి, తుపాకి మందు తూచి పోసి, గుండు బిగిస్తారు. మందును గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూస్తారని ఆయన వీడియో కాల్‌లో చూపించినప్పుడు నాకు మా ఊరి కంసాలి త్రాసు గుర్తుకొచ్చింది. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. బంగారం తూచే గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు ఉంటుంది. మా అమ్మాయి వాడే పెల్లెట్ 8.2 గ్రెయిన్లు, అంటే నాలుగు గురివింద గింజల కంటే కాస్త ఎక్కువ. ఈ లెక్క చెప్తే అమ్మాయికి గురివింద గింజ అంటే ఏమిటో తెలియలేదు. ‘గుంజ్’ అన్నాక వెంటనే అర్థమైంది.

ఆయన కొలతలో నేను నేర్చుకున్నది ఓర్పు. పది పన్నెండు అడుగుల దూరంలో వేగం కొలిచే పరికరం, అంటే క్రోనోగ్రాఫ్, నిలబెడతాడు, ఇంకా దగ్గరగా పెడితే తుపాకి గొట్టం నుంచి వచ్చే పేలుడు గాలికే పరికరం మోసపోతుందట. రెండు మూడు సార్లు కాల్చి తీర్పు చెప్పడు. కనీసం పది కాల్చి, అన్నిటికంటే ఎక్కువకూ తక్కువకూ తేడా ఎంత, సగటు నుంచి ఒక్కొక్కటీ ఎంత దూరంలో ఉందో చూస్తాడు. వేగం అనుకున్నదాని కంటే పెరిగితే ఆయన సంతోషించడు, తుపాకిలో తూటా పేలే చోట ఒత్తిడి హద్దు మీరుతోందేమోనని మందు తగ్గిస్తాడు. “కొలతని నమ్మేముందు కొలిచేవాడ్ని చూసుకో బావా” అని ఆయన అన్న మాటను నేను పరికరానికి మాత్రమే అన్వయించుకున్నాను.

మా క్రోనోగ్రాఫ్ నేనే చేశాను. ప్లాస్టిక్ గొట్టంలో 30 సెంటీమీటర్ల ఎడంతో రెండు చోట్ల కంటికి కనిపించని పరారుణ కాంతి దీపం, దానికి ఎదురుగా కాంతిని గుర్తించే సెన్సర్ అమర్చాను. పెల్లెట్ మొదటి కాంతిని అడ్డగించగానే గడియారం మొదలవుతుంది, రెండోదాన్ని అడ్డగించగానే ఆగుతుంది. 173 మీటర్ల వేగమైతే ఆ మధ్య గడిచే కాలం 1.73 మిల్లీసెకన్లు, 163 అయితే 1.84. అంటే నేను వెతుకుతున్న తేడా సెకనులో పదివేల వంతు. ఆ ఎడం మూడు మిల్లీమీటర్లు తప్పినా అంకెలన్నీ ఒక శాతం పక్కకు జరుగుతాయి కనుక స్టీలు స్కేలుతో నాలుగుసార్లు కొలిచాను. ట్యూబ్‌లైటు మినుకు సెన్సర్లకు తగలకుండా గొట్టం లోపల నల్లరంగు కూడా వేశాను.

రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి అమ్మాయి కాల్చేది, తనవైపు తిరిగి ఉన్న చిన్న తెర మీది అంకె పైకి చదివేది, వెనుక కూర్చుని నేను రాసేవాడిని. మొదటి రోజు ఆమె “ఏకశే బహాత్తర్, ఏకశే త్ర్యాహత్తర్” అని 172, 173లను మరాఠీలో మొదలుపెట్టగానే నేను ఆపాను. ఇంట్లో ఈ ఒక్క పనైనా తెలుగులో జరగాలని, అంకెలకు తెలుగు రాకపోతే ఇక భాష వచ్చినట్టే కాదని చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, సరే అంది.

ఆ పట్టుదల వెనుక ఒక పాత సంతోషం ఉంది. 2019లో, ఆమె రెండో తరగతిలో ఉన్నప్పుడు, మహారాష్ట్ర గణిత పుస్తకంలో అంకెలు పలికే తీరు మార్చారు. ‘బావీస్’ అన్నది ‘వీస్ దోన్’ అయింది, అంటే మనం ఇరవై రెండు అన్నట్టే. దాని మీద రాష్ట్రమంతా వివాదం చెలరేగితే, నేను మాత్రం చూశావా, మీ పుస్తకం మన దారికి వచ్చిందని అమ్మాయికి గర్వంగా చెప్పాను. పుస్తకంలో ఏమున్నా వీధిలో, అంగట్లో, స్నేహితుల నోట బహాత్తర్ బహాత్తరే. అరవై తొమ్మిదిని మరాఠీ ‘ఏకోణసత్తర్’ అంటుంది, డెబ్బైకి ఒకటి తక్కువ అని. మన ఏకోనవింశతి లాంటి మాటే కదా అని నేను మురిసిపోయాను. ఆ పదాలలో ఒక్కొక్కదాన్నీ నోటికి పట్టించుకోవడానికి ఆ పిల్ల ఎంత కష్టపడి ఉంటుందో ఆలోచించలేదు.

పది పెల్లెట్లకు నా పుస్తకంలో ఇలా ఉంది: 172, 163, 173, 171, 162, 172, 173, 163, 171, 172. సగటు 169.2, ఎక్కువకూ తక్కువకూ తేడా 11. మంచి రైఫిల్‌లో ఇంత తేడా ఉండకూడదు. గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ పాడైందని తీర్మానించి రైఫిల్ పంపించేశాను.

నిజానికి తెర మీద 163 లేదు, 173 ఉంది. తెలుగులో అరవై అంటే ఆరు వినిపిస్తుంది, ఎనభైలో ఎనిమిది వినిపిస్తుంది. డెబ్బైలో మాత్రం ఏడు వినిపించదు. డెబ్బది అనే పాతరూపంలోనూ ఆ ఏడు దాగి ఉంటుందే తప్ప పిల్లల చెవికి దొరకదు. చదివిన అంకెను మరాఠీ నుంచి మార్చుకుని పలికే తొందరలో ఆమె నోటికి అరవై వచ్చేది. కొన్నిసార్లు తప్పు పలికానని తెలిసినా, దిద్దుకుంటే నేను పాఠం మొదలుపెడతానని ఊరుకుంది.

ఇంతకంటే బాధించేది ఇంకొకటి ఉంది. అదే పెల్లెట్లు కాల్చిన కాగితాలు అదే పుస్తకంలో దాచాను. వేగంలో నిజంగా పది మీటర్ల తేడా ఉండి ఉంటే రంధ్రాలు నిలువుగా రెండు మిల్లీమీటర్లు సాగి ఉండాలి. ఆ కాగితాల మీద రంధ్రాలన్నీ ఒకదానిపై ఒకటి పడి, చుట్టూ చిరుగు లేని ఒకే గుండ్రని చిల్లుగా ఉన్నాయి. బాగా కాలుస్తోందన్న సాక్ష్యం నా వేళ్ల కింద ఉండగా, నేను ఆమె నోటితో బలవంతంగా పలికించిన అంకెలను నమ్మాను.

గుండు వేగాన్ని మొదట సరిగ్గా కొలిచిన బెంజమిన్ రాబిన్స్ కథ అమ్మాయికి నేనే చెప్పాను. వేలాడదీసిన కొయ్య దిమ్మలోకి గుండు పేల్చి, దిమ్మ ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టి 1742లో ప్రకటించాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ పని మీద మన తీరానికే వచ్చి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. “దిమ్మకు ఏ భాషా అక్కర్లేదు కదా” అని ఆమె అప్పుడే అంది. ఆ మాటకు నేను నవ్వి ఊరుకున్నాను, అందులో ఆమె నన్ను ఏదో అడుగుతోందని తట్టలేదు.

బతుకమ్మకు కలిసినప్పుడు ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు నేను సలహా ఇచ్చేవాడిని: రోజూ చేసే ఒక్క పనిని ఎంచుకోండి, ఆ పని తెలుగులో మాత్రమే చేయించండి అని. ఇప్పటికీ ఆ సలహా పూర్తిగా తప్పని అనలేను. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడటం, వంటింట్లో పప్పులు గుర్తుపట్టడం వంటివి అలాగే వచ్చాయి. కానీ తప్పు దొర్లితే నష్టం జరిగే పనిని భాష నేర్పడానికి వాడుకోవచ్చా? పిల్ల ఏకాగ్రతతో చేసే ఒకే ఒక పనిలోకి నా దిగులును తోయవచ్చా? నేను గనిలో షిఫ్టు మొత్తం హిందీలో లెక్కపెడతాను, నా ఫోను నంబరు ఎవరడిగినా ఇంగ్లీషు అంకెల్లోనే చెప్తాను, తెలుగులో చెప్పబోతే నాలుగో అంకె దగ్గరే ఆగిపోతాను. నాకు లేని నియమం ఆమెకు ఎందుకు పెట్టానని నా భార్య అడిగితే, రేపు ఆమె పిల్లలకు డెబ్బై అన్న మాటే తెలియకుండా పోతుందేమోనన్న భయం తప్ప చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆ భయం ఇప్పుడూ పోలేదు.

మొన్న ఆదివారం మళ్లీ కొలిచాము. ఏమీ పలకనక్కరలేదు, నువ్వే రాసుకో అని పెన్ను ఆమెకే ఇచ్చాను. పది పెల్లెట్లకు తేడా రెండు మీటర్లు దాటలేదు. పని చక్కగా జరిగింది, గదిలో మాత్రం ఒక్క అంకె కూడా ఏ భాషలోనూ వినిపించలేదు.

ఆ తర్వాత ఆమె పాత పేజీల మీద కూర్చుని తప్పుగా పలికిన అంకెలు దిద్దింది. మొదటి పేజీలో గుర్తున్నాయి, చకచకా మార్చేసింది. మూడో పేజీ దగ్గర ఆగింది. ఆ రోజు సిలిండర్‌లో గాలి చివరికి వచ్చి వేగం నిజంగానే పడిపోయింది. అందులో ఆరు చోట్ల నూట అరవైలు ఉన్నాయి. ఏవి తెర మీద కనిపించినవి, ఏవి తన నోట తప్పినవి ఆమెకు గుర్తు లేదు. నాకు గుర్తుండే అవకాశమే లేదు, నేను విన్నది రాశాను. ఆ పేజీ చింపేద్దామంది. వద్దని, ఆ ఆరు అంకెల పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టి పుస్తకం మూశాను.