అక్క ఆఫీసుకు బ్యాకప్: ఇప్పటిదాకా జరిగిన పని

పాత కంప్యూటర్లను సర్వర్లుగా మార్చి, డిస్కులతో, స్టోరేజ్ పద్ధతులతో ప్రయోగాలు చేయడం నాకు చాలాకాలంగా ఉన్న హాబీ. ఈసారి దానికి అసలైన పని దొరికింది. మా అక్క నడిపే చిన్న డిజైన్, ప్రింటింగ్ సంస్థకు నమ్మకమైన బ్యాకప్ ఏర్పాటు చేయాలి. ఐదు విండోస్ కంప్యూటర్లు, అందరూ వాడే ఒక షేర్డ్ ఫోల్డర్, ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, అందరి మెయిళ్లు. ఐటీ చూసుకునే మనిషి లేరు. ఇలాంటి ఆఫీసులు చాలా ఉంటాయి కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో కారణాలతో సహా రాస్తున్నాను.

ముందు అడిగిన రెండు ప్రశ్నలు

ఏ సాఫ్ట్‌వేర్, ఏ క్లౌడ్ అన్నది పక్కన పెట్టి, ఒక్కో రకం డేటా గురించి అక్కను రెండే అడిగాను. ఇది పోతే ఎంత పాత కాపీ దొరికినా పని నడుస్తుంది? అది తిరిగి చేతికి రావడానికి ఎంతసేపు ఆగగలరు? ఐటీ వాళ్లు మొదటిదాన్ని ఆర్‌పీఓ అని, రెండోదాన్ని ఆర్‌టీఓ అని అంటారు. పేర్లతో పని లేదు, జవాబులు మాత్రం నడిపే మనిషి నోటి నుంచే రావాలి.

"బిల్లులు పోతే ఆ పూట చేసినవి చేత్తో మళ్లీ ఎక్కించుకుంటాం. రెండు రోజులవంటే మా వల్ల కాదు" అంది. "నడుస్తున్న ఆర్డర్ల ఫైళ్లు మాత్రం గంటలో కావాలిరా. పోయినేడాదివి వారానికి దొరికినా సరే."

ఈ మూడు మాటలతో సగం ప్లాన్ తేలిపోయింది. బిల్లింగ్ డేటా పూటకోసారి కాపీ కావాలి. నడుస్తున్న ఆర్డర్ల ఫైళ్లు గంటకోసారి కాపీ కావాలి, ఆ కాపీ ఆఫీసులోనే ఉండాలి. పాత ఫైళ్లు ఎక్కడో దూరంగా, తక్కువ ఖర్చులో ఉన్నా చాలు. అన్నిటికీ ఒకే పద్ధతి పెడితే అనవసరంగా ఖర్చు పెరుగుతుంది, లేదంటే అవసరమైనప్పుడు ఆలస్యమవుతుంది.

తర్వాత ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని ఏం ఉందో చూశాను. ఈ పని ఎవరూ వదిలేయకూడదు. షేర్డ్ ఫోల్డర్‌లో ఉండాల్సినవి చాలా డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నాయి. ఎవరూ డేటాగా లెక్కేయనివి ఇంకొన్ని దొరికాయి: కొన్న ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు కీలు, ప్రింటర్ కలర్ ప్రొఫైళ్లు, రూటర్ సెట్టింగులు. ఇవి లేకపోతే ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నా పని మొదలవదు. మొత్తం కలిపి 300 జీబీ దాకా వచ్చింది, అందులో నడుస్తున్న పనులవి 40 జీబీ.

బ్యాకప్ అనుకునేవి, కానివి

ఆఫీసులో అప్పటికే క్లౌడ్ సింక్ ఉంది. సింక్ చాలా ఉపయోగకరమైనదే, కానీ ఒకచోట ఫైల్ చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోవడమే దాని పని. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడ్డ ఫైల్ 30 రోజుల తర్వాత దానంతట అదే పోతుంది. ఆఫీసు ఖాతాల వన్‌డ్రైవ్‌లో మామూలుగా 93 రోజులు ఉంటుంది. ఆర్నెల్ల కిందటి ఆర్డర్ మళ్లీ వచ్చినప్పుడు ఫైల్ లేదని తెలిస్తే ఈ రెండూ అక్కరకు రావు.

ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ కూడా అంతే. రెండు డిస్కుల్లో ఒకటి చెడిపోతే పని ఆగకుండా కాపాడుతుంది. ఎవరైనా ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరుగుతుంది. విండోస్‌లోనే ఉన్న కాపీ ప్రోగ్రామ్ రోబోకాపీని మిర్రర్ ఆప్షన్‌తో నడిపినా, అసలు చోట లేని ఫైల్‌ను అది కాపీలోంచి కూడా తీసేస్తుంది. పాత వెర్షన్లు దాచనిదేదీ బ్యాకప్ లెక్కలోకి తీసుకోలేదు.

కాపీలు ఎక్కడ ఉండాలి

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 నియమం ఇప్పటికీ గట్టి పునాది. అసలుతో కలిపి మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్ మీద, ఒకటి వేరే చోట. ఆ "వేరే చోట" అన్నది ఎంత ముఖ్యమో 2021 మార్చిలో స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ డేటాసెంటర్ కాలిపోయినప్పుడు తెలిసింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కొందరు కస్టమర్లకు రెండూ పోయాయి. క్లౌడ్‌లో పెట్టినా అది ఏ ఊళ్లో ఉందో అడిగి తెలుసుకోవాలి.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చాక ఈ నియమానికి ఇంకో మాట చేర్చాల్సి వచ్చింది: కనీసం ఒక కాపీ నెట్‌వర్క్‌కు అందకుండా ఉండాలి. 2017లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడిలో షిప్పింగ్ సంస్థ మేర్స్క్ డొమైన్ కంట్రోలర్లన్నీ (నెట్‌వర్క్‌లోకి ఎవరు లాగిన్ కావచ్చో చూసే సర్వర్లు) పోయాయి. ఘానాలో ఉన్న ఒక్కటి మాత్రం, ఆ సమయంలో అక్కడ కరెంటు లేక ఆఫ్‌లో ఉండటంతో, బతికింది. వాళ్ల నెట్‌వర్క్‌ను మళ్లీ నిలబెట్టుకోవడానికి అదే ఆధారమైంది. అంత పెద్ద సంస్థకు అదృష్టంగా దొరికినదాన్ని చిన్న ఆఫీసు ఒక డిస్కు ప్లగ్ తీసి పక్కన పెట్టి సంపాదించుకోవచ్చు.

చివరికి ఖాయం చేసిన ఏర్పాటు ఇది. ఆఫీసులో లైనక్స్‌తో నడిచే ఒక చిన్న సర్వర్ పెట్టె, ఐదు కంప్యూటర్లూ గంటకోసారి దానికి పంపుతాయి. రాత్రి ఆ పెట్టె నుంచి క్లౌడ్‌కు ఒక కాపీ వెళ్తుంది. వీటికి తోడు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు: వారానికోసారి ఒకదాన్ని కలిపి, కాపీ చేసి, తీసి అక్క ఇంటికి తీసుకెళ్తుంది, ఇంట్లో ఉన్నది ఆఫీసుకు తెస్తుంది. ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. బీరువాలో నెలల తరబడి ఉండే కాపీకి ఎస్‌ఎస్‌డీ వద్దనుకున్నాను. కరెంటు అందకుండా ఎక్కువ కాలం ఉంటే వాటిలో డేటా నిలవడం మీద అంత భరోసా పెట్టుకోలేం.

రెస్టిక్ ఎందుకు

బోర్గ్ నాకు బాగా అలవాటైన బ్యాకప్ ప్రోగ్రామ్, కానీ విండోస్‌లో నేరుగా నడవదు. విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ ఒక మనిషికి సరిపోతుంది, ఐదు కంప్యూటర్లను ఒకచోటి నుంచి చూసుకోవడానికి పనికిరాదు. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఒకే ఫైల్‌గా వస్తుంది, విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటిలో ఒకేలా నడుస్తుంది. మారిన ముక్కలనే పంపుతుంది, పంపేముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బ్యాకప్‌లను అందుకుని దాచే దీని రెస్ట్-సర్వర్. దాన్ని అపెండ్-ఓన్లీ పద్ధతిలో నడిపితే కంప్యూటర్లు కొత్త బ్యాకప్ చేర్చగలవు, పాతది చెరపలేవు. వైరస్ సోకిన కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ దొరికినా దాడి చేసినవాళ్లు పాత స్నాప్‌షాట్లు (ఒక్కో సమయంలో తీసిన బ్యాకప్ కాపీలు) తీసేయలేరు. ఒక్క జాగ్రత్త ఉంది. "చివరి ఇన్ని స్నాప్‌షాట్లు ఉంచు" అనే నియమం పెట్టుకుంటే, వాళ్లు చెత్త స్నాప్‌షాట్లు గుప్పించి, మంచివి మన చేతే తీసేయించగలరు. అందుకని ఎంతకాలం ఉంచాలో చెప్పే కీప్-విత్‌ఇన్ నియమం పెట్టాను. పాతవి తీసే పని సర్వర్ పెట్టె మీదే, ముందు డ్రై-రన్ (ఏమీ తీయకుండా, ఏం తీస్తుందో మాత్రమే చూపే పరుగు) చేసి కళ్లతో చూశాకే జరుగుతుంది. క్లౌడ్‌కు ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌తో పంపుతున్నాను, దాని సింక్ ఆదేశంతో కాదు, కాపీ ఆదేశంతో. అక్కడి బకెట్‌కు (క్లౌడ్‌లో మన ఫైళ్లు ఉండే చోటు) ఆబ్జెక్ట్ లాక్ ఉంది, గడువు తీరేదాకా ఖాతా ఉన్నవాళ్లు కూడా ఆ వెర్షన్లను చెరపలేరు.

అకౌంటింగ్ కంప్యూటర్‌కు మాత్రం క్లోనెజిల్లా అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్ ఇమేజ్ (విండోస్‌తో సహా డిస్కు మొత్తానికి నకలు) కూడా తీశాను. దాన్ని మొదటినుంచి సిద్ధం చేయడానికే ఒక పూట పడుతుంది.

మొదటి అప్‌లోడ్ లెక్క

అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే సెకనుకు 1.25 ఎంబీ, గంటకు 4.5 జీబీ వెళ్తుంది. 300 జీబీకి దాదాపు 67 గంటలు. అదే 100 ఎంబీపీఎస్ వేగంతో వెనక్కి దించుకోవడానికి ఏడు గంటలు చాలు, 40 జీబీకైతే గంటలోపే. ఈ లెక్క ముందే వేసుకోవాలి. పగలు అప్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టి, రాత్రి పూర్తిగా వదిలాను. ఆఫీసులో ఎవరికీ ఇంటర్నెట్ నెమ్మదించలేదు.

తెరిచి ఉన్న డేటాబేస్

సాఫ్ట్‌వేర్ రాస్తుండగా దాని డేటాబేస్ ఫైల్‌ను కాపీ చేస్తే, మొదటి సగం ఒక క్షణానిది, రెండో సగం ఇంకో క్షణానిది అవుతుంది. కాపీ అయిందనే చూపిస్తుంది, తెరిస్తే తెరుచుకోదు. విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ ఒక క్షణాన్ని పట్టి ఉంచుతుంది, రెస్టిక్‌లో దాన్ని వాడుకునే ఆప్షన్ ఉంది. అయినా సాఫ్ట్‌వేర్ సొంత బ్యాకప్ ఉంటే అదే మేలు. మధ్యాహ్నం, సాయంత్రం అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఒక బ్యాకప్ ఫైల్ రాస్తుంది, రెస్టిక్ దాన్ని తీసుకుంటుంది. ఆ ఫైల్‌ను జిప్ చేయకుండా ఉంచాను. జిప్ చేస్తే లోపల కొంచెం మారినా ఫైల్ చాలావరకు కొత్తగా కనిపించి, మారిన ముక్కలనే పంపే లాభం పోతుంది.

తిరిగి తెచ్చే పరీక్ష

ఎక్కువ సమయం దీనికే ఇచ్చాను, ఇవ్వాలి కూడా. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సర్వీసులో పొరపాటున అసలు డేటాబేస్ చెరిగిపోయింది. బ్యాకప్‌కు వెళ్తే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, బ్యాకప్ ప్రోగ్రామ్ 9.2 వెర్షన్ కావడంతో అది ఫెయిలవుతూ ఉంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. ఈ విషయాలన్నీ వాళ్లే బహిరంగంగా రాశారు, అందుకు వాళ్లంటే నాకు చాలా గౌరవం.

కాబట్టి ఆఫీసు నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఖాళీ కంప్యూటర్ ఒకటి తీసుకుని, అసలు కంప్యూటర్లేవీ లేవనుకుని మొదలుపెట్టాం. అప్పుడు తేలినవి మరోలా తేలేవి కావు. అకౌంటింగ్ బ్యాకప్ అదే వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటుంది, కాబట్టి ఇన్‌స్టాలర్, లైసెన్సు కీ కూడా బ్యాకప్‌లో చేరాయి. డిజైన్ ఫైళ్లు తెరుచుకున్నాయి గానీ ఫాంట్లు లేక అక్షరాలు మారిపోయాయి, ఫాంట్ల ఫోల్డర్ జాబితాలో పైకి వచ్చింది. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా పెరిగిన పాత ఆర్డర్ల ఫైళ్ల దారి విండోస్ 260 అక్షరాల హద్దు దాటి కొన్ని ప్రోగ్రాముల్లో తెరుచుకోలేదు. తిరిగి తెచ్చేటప్పుడు సీ డ్రైవ్‌లో నేరుగా చిన్న పేరుతో ఫోల్డర్ చేసి అందులోకి తెస్తే సరిపోయింది.

రెండోసారి నేను కీబోర్డు ముట్టుకోలేదు. అక్క ఆఫీసులో బిల్లింగ్ చూసే అమ్మాయి, నేను రాసిన కాగితం చూసి మొత్తం చేసింది. ఆమె ఎక్కడ ఆగి నా వైపు చూసిందో, అక్కడ కాగితం మార్చాను. "రిపాజిటరీ" అన్నచోట "బ్యాకప్ ఉన్న డిస్కు" అని, "స్నాప్‌షాట్ ఎంచుకోండి" అన్నచోట "నిన్న సాయంత్రం తేదీ ఉన్న వరుస" అని రాశాను. నేను ఊళ్లో లేని రోజే ఇది అవసరం పడొచ్చు కదా.

రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే డేటాను ఎవరూ తెరవలేరు. ఒకే బ్యాకప్‌కు ఒకటి కంటే ఎక్కువ పాస్‌వర్డ్‌లు పెట్టుకోవచ్చు కాబట్టి అక్కకు ఒకటి, నాకు ఒకటి పెట్టాను. అక్క పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, రెండు చోట్ల దాచింది.

ఆగిపోతే తెలియాలి

ఫెయిలైనప్పుడు మెయిల్ పంపమంటే, కంప్యూటరే ఆగిపోయినప్పుడు మెయిల్ రాదు. అందుకే తిప్పి పెట్టాను. ప్రతి బ్యాకప్ పూర్తయ్యాక హెల్త్‌చెక్స్ అనే ఓపెన్ సోర్స్ సర్వీసుకు ఒక సంకేతం వెళ్తుంది. పనివేళల్లో సంకేతం రాకపోతే అది అక్కకూ నాకూ కబురు పంపుతుంది. మూతపెట్టిన ల్యాప్‌టాప్‌ల కోసం టాస్క్ షెడ్యూలర్‌లో, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడిపే ఆప్షన్ ఆన్ చేశాను. వారానికోసారి, బ్యాకప్ చెడకుండా ఉందో చూసే రెస్టిక్ చెక్ నడుస్తుంది, నెలకోసారి డేటాలో పదోవంతును నిజంగా చదివి చూస్తుంది.

ఇంకా మిగిలినవి

మెయిళ్లను ఎంబీసింక్ అనే ప్రోగ్రామ్‌తో సర్వర్ పెట్టెలోకి దించడం మొదలైంది, పాత ఖాతా ఒకటి మిగిలింది. అసలు చిక్కు ఫోన్లలో ఉంది. కస్టమర్లు డిజైన్‌కు సరే అన్న మాట చాలాసార్లు ఫోన్ మెసేజ్‌లోనే ఉంటుంది, గొడవ వస్తే అదే సాక్ష్యం. ఫోన్ మొత్తాన్ని బ్యాకప్ తీస్తే అందులో వాళ్ల సొంత విషయాలు కూడా వస్తాయి, అది నాకు నచ్చలేదు. సరే అన్న మెసేజ్ స్క్రీన్‌షాట్‌ను ఆ ఆర్డర్ ఫోల్డర్‌లో వేసే అలవాటు చేద్దామని అక్క అంది. ఈ నెల దాన్నే ప్రయత్నిస్తున్నారు. తర్వాతి పరీక్షలో ఏదో ఒక పాత ఆర్డర్‌ను ఎంచుకుని, ఫైల్‌తో పాటు ఆ స్క్రీన్‌షాట్ కూడా దొరుకుతుందో లేదో చూస్తాం.