సెల్ఫ్ తిరగని పాత పెట్రోల్ కారు: రిలే నుంచి సోలినాయిడ్ దాకా

కీ తిప్పితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) టిక్‌మంటోంది, సెల్ఫ్ మాత్రం తిరగట్లేదు. ఇంజిన్ వేడి మీద ఇబ్బంది ఇంకా ఎక్కువ. బ్యాటరీ 12.6 వోల్టులు. హెడ్‌లైట్లు వేసి కీ తిప్పినా వెలుగు పెద్దగా తగ్గలేదు కాబట్టి సెల్ఫ్ మోటారుకి అసలు కరెంటే అందట్లేదు. ఇక్కడ సెల్ఫ్ విప్పడం దండగ.

రిలే బయటికి తీసి చూస్తే 85, 86 పిన్నుల (రిలే లోపలి చుట్ట రెండు కొసలు) మధ్య 82 ఓంలు. 70 నుంచి 100 దాకా మామూలే. టిక్‌మంటోందంటే కీ, క్లచ్ స్విచ్ తమ పని చేస్తున్నట్టే. ఇక చూడాల్సింది 30 (బ్యాటరీ నుంచి వచ్చేది), 87 (సెల్ఫ్ వైపు వెళ్ళేది) పిన్నుల వైపు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసేశాకే తర్వాతి పరీక్ష. రిలే సాకెట్‌లో 30, 87లను 2.5 చదరపు మి.మీ. వైరుతో కలిపితే క్లచ్ స్విచ్‌తో పనిలేకుండా సెల్ఫ్‌కి కరెంటు వెళ్తుంది. గేరులో ఉంటే బండి ముందుకి దూకుతుంది. ఇలా కలిపినా సెల్ఫ్ కదల్లేదు, కాబట్టి రిలే తప్పు లేదు.

చాలామంది దారి తప్పేది ఇక్కడే. 87 నుంచి వచ్చే చిన్న వైరును సోలినాయిడ్ (కరెంటు అందగానే ప్లంజర్ అనే ఇనుప కడ్డీని లాగి సెల్ఫ్ మోటారును కలిపే అయస్కాంత చుట్ట) దగ్గర ఊడదీసి, దాని కొసన మీటరు పెడితే 12.6 చూపించింది. వైరు బాగుందనిపిస్తుంది. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, అందుకే ఒక్క పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. వైరు తిరిగి తగిలించి, సాకెట్‌లో ఆ పిన్నులు కలిపి ఉంచి కొలిస్తే సోలినాయిడ్ దగ్గర 7.7 వోల్టులే. వేడెక్కిన సోలినాయిడ్ చుట్ట నిరోధం పెరుగుతుంది, ఆ కాస్త వోల్టేజీతో ప్లంజర్‌ను లాగలేదు.

అదే లోడు మీద (కరెంటు పారుతుండగా) ముక్కముక్కగా డ్రాప్ (దారిలో పోయే వోల్టేజీ) కొలిస్తే: బ్యాటరీ ప్లస్ నుంచి 30 దాకా 0.15, సాకెట్‌లో 30 నుంచి 87కి 0.1, సెల్ఫ్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.15. 87 నుంచి సోలినాయిడ్ దాకా మాత్రం 4.1! ఈ ముక్కలో అరవోల్టు దాటితేనే అనుమానించాలి. ఒక్కోసారి 3, 4 సెకన్లకు మించి కరెంటు ఇవ్వకూడదు, చుట్ట కాలిపోతుంది.

ఆ వైరు బ్యాటరీ ట్రే కింద ఒక కనెక్టర్ గుండా వెళ్తుంది. పైనుంచి చూస్తే ప్లాస్టిక్ శుభ్రంగానే ఉంది. పిన్ను వెనక్కి లాగితే లోపలంతా పచ్చటి చిలుము, క్రింప్ (నొక్కి బిగించిన అతుకు) దగ్గర రాగి పోగులు పిండిలా రాలాయి. యాసిడ్ ఆవిరి వైరు తొడుగు లోపలికీ పాకుతుంది కాబట్టి రాగి మెరిసేదాకా కత్తిరించాలి. ఇక్కడ 6 సెం.మీ. పోయింది. కొత్త ముక్క 2.5 చదరపు మి.మీ., కొత్త పిన్నులు క్రింప్ చేసి, పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం).

ఇప్పుడు ఆ ముక్కలో డ్రాప్ 0.2. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ 10.6, సోలినాయిడ్ దగ్గర 10.0. వేడి ఇంజిన్‌తో కూడా మొదటి తిప్పుకే అందుకుంటోంది.

తర్వాతి పని: ట్రే కిందే ఉన్న గేర్‌బాక్స్ ఎర్త్ పట్టీ (బ్యాటరీ మైనస్ వైపు కలిపేది) విప్పి, బోల్టు కింద పెయింటు, తుప్పు గీకి మళ్ళీ బిగించడం.