రిగ్ మీద వీశాట్ మోడెంకి క్యూఓఎస్ రూల్స్: నా అనుభవం

కాకినాడకి దూరంగా, కేజీ బేసిన్‌లో పనిచేస్తున్న ఒక డ్రిల్లింగ్ రిగ్ నుంచి కంప్లైంట్ వచ్చింది. సాయంత్రం షిఫ్ట్ మారగానే ఆఫీసు ఫోన్లలో మాట తెగిపోతోందని. “సగం మాట మింగేస్తోంది సార్, అడిగిందే మళ్ళీ అడగాల్సి వస్తోంది” అన్నాడు రేడియో ఆపరేటర్. హెలికాప్టర్ టైమింగులు, వాతావరణం, డాక్టర్ సలహా అన్నీ ఆ ఫోన్ మీదే నడుస్తాయి. అందుకని రాజమండ్రి నుంచి హెలికాప్టర్ ఎక్కి నేనే వెళ్ళాను.

రిగ్ మీద ఫోన్లూ ఇంటర్నెట్టూ వీశాట్ మీదే, అంటే చిన్న డిష్‌తో ఉపగ్రహం ద్వారా కలిసే లింకు మీదే నడుస్తాయి. అందుకని ముందుగా అక్కడివాళ్ళకి ఒక విషయం చెప్పాను. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అక్కడిదాకా వెళ్ళి కిందికి దిగడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఏ సెట్టింగూ దాన్ని తగ్గించలేదు. మనం సరిచేయగలిగేది మోడెం దగ్గర క్యూలో ప్యాకెట్లు (డేటా ముక్కలు) పడే ఎదురుచూపునే. అప్‌లోడ్ 512 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) ఉన్నచోట 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి బయటికి వెళ్ళడానికే 23 మిల్లీసెకన్లు కావాలి. షిఫ్ట్ దిగినవాళ్ళు ఇంటికి ఫొటోలు పంపుతుంటే అలాంటివి వరసకట్టి నిలబడతాయి, వాటి వెనక మాట ఇరుక్కుంటుంది.

ఏ ట్రాఫిక్ ముందు వెళ్ళాలో మోడెంకి చెప్పేవే క్యూఓఎస్ రూల్స్. వాటిలో వాయిస్ రూల్ అప్పటికే ఉంది, అన్నిటికంటే పైన. ఫోన్ పోర్టుల నంబర్లూ సరిగ్గానే ఉన్నాయి. కానీ దాని కౌంటర్, అంటే ఆ రూల్ కింద వెళ్ళిన ప్యాకెట్ల లెక్క, సున్నా. కారణం మోడెంకి ముందున్న రూటర్. అది ఆఫీసు ట్రాఫిక్ మొత్తాన్ని వీపీఎన్‌లో, అంటే లోపలిది బయటికి కనపడని రహస్య పొరలో, చుట్టి పంపుతోంది, కాబట్టి లోపలి పోర్టులు మోడెంకి కనపడవు. బయటికి కనపడేది డీఎస్‌సీపీ మార్కింగ్, అంటే ప్యాకెట్ ఏ తరగతిదో చెప్పే అంకె, ఒక్కటే. అదీ సున్నాగానే వస్తోంది. ఫోన్ దగ్గర ప్యాకెట్లు పట్టి చూస్తే 46, అంటే వాయిస్‌కి వాడే విలువ, శుభ్రంగా ఉంది. స్విచ్ దాటాక చూస్తే సున్నా. స్విచ్‌లో ఆ ఫోన్ తగిలించిన పోర్టు మీద ట్రస్ట్ (వచ్చిన మార్కింగ్‌ని నమ్మమనే సెట్టింగ్) పెట్టలేదు, అందుకే స్విచ్ మార్కింగ్‌ని చెరిపేస్తోంది. స్విచ్‌లో ఫోన్ల పోర్టులకి ట్రస్ట్ ఇచ్చి, క్రూ (రిగ్ సిబ్బంది) వైఫై నుంచి వచ్చే మార్కింగ్ మాత్రం సున్నా చేసేలాగే ఉంచాను. మోడెంలో రూల్‌ని పోర్టుల మీద కాకుండా 46 మీద రాయగానే కౌంటర్ కదిలింది.

అసలు ఆలోచించాల్సింది అంకెల దగ్గర. జీ.729 (మాటని కుదించి పంపే పద్ధతి) కాల్ అంటే 8 కేబీపీఎస్ అని అందరూ లెక్కేస్తారు. ప్రతి ప్యాకెట్ ముందూ ఉండే ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు (చిరునామా లాంటి వివరాలు) కలిపితే 24 అవుతుంది. వీపీఎన్ కూడా తోడైతే దాదాపు 48. మూడు కాల్స్‌కి సరిపోయేలా వాయిస్‌కి 160 ఇచ్చి, అన్నిటికంటే ముందు వెళ్ళేలా, అంతకుమించి తీసుకోకుండా పరిమితి పెట్టాను. పరిమితి లేని ప్రయారిటీ మిగతావాటి నోరు కొట్టేస్తుంది. డ్రిల్లింగ్ డేటాకి 96, క్రూకి 48 గ్యారంటీ. మిగిలింది ఎవరికి కావాలంటే వాళ్ళకి.

గ్యారంటీల మొత్తం 304 దగ్గర ఆపడానికి కారణం వాన. మన లింకు వాడే కేయూ బ్యాండ్ ఫ్రీక్వెన్సీల మీద గట్టి వాన పడితే మోడెం మాడ్యులేషన్, అంటే సిగ్నల్‌లో డేటాని కుక్కే తీరు, తగ్గించుకుంటుంది. అప్పుడు ఈ లింకులో అప్‌లోడ్ 320 దాకా పడిపోతుంది. మొత్తం 512కీ హామీలు రాసేస్తే వాన రోజున అవి కాగితం మీదే మిగులుతాయి.

డౌన్‌లోడ్ క్యూ రిగ్ మీద ఉండదు, హబ్‌లో, అంటే ఉపగ్రహానికి అవతలి వైపు నేల మీదున్న స్టేషన్‌లో, ఉంటుంది. హబ్ ఇంజినీర్‌కి ఫోన్ చేసి, అటు కూడా ఇవే క్లాసులు రాయించాను. ఒకవైపే రాస్తే మన మాట వాళ్ళకి బాగానే వినపడుతుంది, వాళ్ళ మాట మాత్రం మనకి తెగుతూనే ఉంటుంది.

క్రూకి ఆ 48 ఎందుకని మేనేజర్ అడిగారు. వారాల తరబడి సముద్రం మీద ఉండేవాళ్ళు పిల్లలతో మాట్లాడుకునే దారి అదొక్కటే, దాన్ని పూర్తిగా మూయకూడదని చెప్పాను. ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం షిఫ్ట్ మారే సమయానికి అప్‌లోడ్ నిండిపోయింది, వాయిస్ క్యూలో ఒక్క ప్యాకెట్ కూడా డ్రాప్ కాలేదు.