మూసీ పుట్టిన అనంతగిరి నుంచి గోస్తని కలిసే భీమిలి దాకా, మట్టిరోడ్ల మీద

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాళ్ళకి అనంతగిరి అంటే వికారాబాద్ అనంతగిరే. తెల్లారగట్ల నాలుగింటికి లేచి, చేవెళ్ళ రోడ్డు పట్టుకుని పోయి, చివర్లో ఆ అడవి ఘాట్ ఎక్కేసి, అనంత పద్మనాభ స్వామి గుడి దగ్గర టీ తాగి, మూసీ పుట్టింది ఇక్కడే కదా అనుకుని వెనక్కి వచ్చేస్తాం. ఆరేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. మొన్న నవంబర్‌లో వైజాగ్ వెళ్తే మా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు, వాడు అన్నాడు, "మాకూ ఉంది బావా అనంతగిరి, మా గోస్తని పుట్టేది అక్కడే, బొర్రా గుహల పక్కన. మీ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసిపోద్ది, మాది మాత్రం నేరుగా సముద్రంలోకే పోద్ది" అని. ఆ మాట పట్టుకునే ఈ ట్రిప్ అంతా నడిచింది.

ముందు సైకిల్ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఆఫీసులో అందరూ అడుగుతున్నారు గ్రావెల్ బైక్ అంటే ఏంటని. హ్యాండిల్ రేసు సైకిల్‌లాగే కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు, నావి 43 ఎంఎం, లోపల ట్యూబ్ ఉండదు, సీలెంట్ అనే పాలలాంటి ద్రవం ఉంటుంది, ముల్లు దిగితే అదే వచ్చి కన్నం మూసేస్తుంది. ముందు ఒకటే పళ్ళచక్రం, 40 పళ్ళు, వెనక 11 నుంచి 42 దాకా. అంతే. పేరు కొత్తగా అనిపిస్తుంది గానీ గ్రావెల్ అనే మాట మన పల్లెలకి ఎప్పటి నుంచో ఉన్నదే, "మా ఊరి రోడ్డుకి గ్రావెల్ తోలారు" అని సర్పంచ్ ఎన్నికల టైములో వినని వాళ్ళు ఎవరు? మా వైపు దాన్నే మొరం అంటాం.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది, వారంలో రెండు రోజులు నేనూ అక్కడే ఉంటా, భయం లేకుండా తొక్కుకోవచ్చు, చాలా మంచి పని చేశారు. కానీ కాళ్ళకి ఎంత బాగున్నా కళ్ళకి అది సరిపోదు, నాకు మట్టి కావాలి.

సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేసుకోవాలి, పార్సిల్ ఆఫీసుకి కనీసం రెండు గంటల ముందు వెళ్ళండి, పెడల్స్ తీసేసి, వెనక గేర్ల దగ్గర పాత దుప్పటి ముక్క చుట్టండి. నేను అమ్మ పాత బొంత తీసుకెళ్ళా, రాత్రి భీమిలిలో అదే కప్పుకున్నా కూడా.

బీచ్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను, రుషికొండ దాటేదాకా కార్లే కార్లు. అసలు కథ తొట్లకొండ దగ్గర మొదలైంది. రోడ్డు పక్కనే కొండ, పైన బౌద్ధ ఆరామం, సముద్రమట్టానికి 128 మీటర్లు. పైదాకా తారు రోడ్డే, కానీ మలుపు మలుపుకీ వెనక నుంచి సముద్రం పైకి లేచొస్తున్నట్టు కనిపిస్తుంది. పైన రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, కొండకి ఆ పేరు అందుకే. పక్క కొండ బావికొండ, బావులున్న కొండ. భీమిలి దగ్గర పావురాళ్ళకొండ మీద కూడా ఇలాంటి తొట్లే. రెండు వేల ఏళ్ళ కింద ఈ కొండల మీద ఉండాలనుకున్న వాళ్ళు అన్నిటికంటే ముందు చూసుకుంది వాననీళ్ళు ఎక్కడ ఆగుతాయనే. బాటిల్‌లో నీళ్ళు సగానికి వచ్చాక ఆ తొట్ల అంచున నిలబడితే ఆ లెక్క బాగా అర్థమవుతుంది.

కంబాలకొండ అడవి కూడా ఇక్కడికి దగ్గరే, 70 చదరపు కిలోమీటర్లకి పైగా ఉన్న అభయారణ్యం, చిరుతలున్న అడవి. లోపల ఏదో బాట కనిపించింది కదా అని సైకిల్ దించేయకండి, ఫారెస్ట్ వాళ్ళు వెళ్ళనిచ్చిన చోటికే వెళ్ళాలి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర నాకూ బావకీ కొంచెం గొడవయింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. వేల ఏళ్ళ కింద గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులో ఉన్న ఇనుము తుప్పు పట్టి రేణువు రేణువుకీ ఎరుపు అంటుకుంది, తర్వాత వానలు దాన్ని కోసుకుంటూ కోసుకుంటూ గోడల్లాంటి వాగులు చేశాయి. బావ దగ్గర ఎంటీబీ, అంటే కొండల్లో తొక్కే మౌంటెన్ బైక్ ఉంది, లోపలికి దించుదాం, ఫొటోలు అదిరిపోతాయి అన్నాడు. నేను వద్దంటే వద్దన్నా. వేలితో గీకితే రాలిపోయే మట్టి అది, ఒక్క టైరు గాడి పడినా వచ్చే వానకి నీళ్ళు ఆ గాడిలోంచే దిగుతాయి, ఇంకో వాగు అక్కడే మొదలవుతుంది. సైకిళ్ళు బయట జీడిమామిడి చెట్టుకి తాళం వేసి నడిచే వెళ్ళాం. ఇంకో మాట లేదు, మీరు వెళ్ళినా అలాగే వెళ్ళండి.

భీమిలి దాటి చిట్టివలస, తగరపువలస మీదుగా పద్మనాభం వైపు తిరిగాక దొరికింది నాకు కావాల్సింది. జీడితోటల మధ్య డొంకలు, అటూ ఇటూ తాటిచెట్లు, ఎదురుగా కొండ. అక్కడే నా లెక్కలన్నీ తప్పాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్, అది అరిగితే వచ్చేది గరుకు ఇసుక, చిన్న చిన్న పలుకులు, గోళీల మీద తొక్కుతున్నట్టు టైరు జారుతుంది, అక్కడ నేను టైర్లలో గాలి ముందు 36, వెనక 38 పిఎస్ఐ పెడతా. ఈ తూర్పు కనుమల్లో ఉన్నది ఖోండలైట్ అనే రాయి, అది చివికి ఎర్ర బంకమట్టి అవుతుంది. ఎండితే సిమెంటంత గట్టి, గాలి 30కి దించితే చాప పరిచినంత మెత్తగా పోతుంది సైకిల్. తడిసిందా, ఇక వదలదు.

ముందురోజు రాత్రి వాన పడిందని నాకు తెలీదు. రెండు వందల మీటర్లు పోయానో లేదో వెనక చక్రం తిరగడం ఆగిపోయింది. మట్టి టైరుకి పట్టి, ఫ్రేముకి పట్టి, బ్రేకుల దగ్గర ముద్దలు కట్టి, లోపల గడ్డిపరకలు కూడా కలిసి ఇటుకలాగా అయిపోయింది, వేలు పెడితే వేలు కదలట్లేదు. మోయబోతే సైకిల్ డబుల్ బరువు. గొర్రెలు తోలుకొస్తున్న ఒక తాత ఆగి చూసి, "ఏటి బాబూ, బురద్లోకెందుకు దింపీసినావు, గట్టు మీద గడ్డుంది కదా, దాని మీంచి ఎల్లాల" అన్నాడు. ఎండిన తాటిమట్ట ఒకటి తీసి, రంపం పళ్ళలా ఉండే అంచు కత్తితో చెక్కేసి, బద్దలా చేసి నా చేతికిచ్చాడు. టైరుకీ ఫ్రేముకీ మధ్యలో సరిగ్గా దూరింది, ఇనుములాగా గీతలు పెట్టదు, చెక్కలాగా విరగదు. పావుగంటలో చక్రం తిరిగింది. "నీళ్ళెయ్యకు, ఎండనీ, అదే రాలిపోద్ది" అని కూడా చెప్పాడు, నిజంగానే గంట తర్వాత మిగిలిన మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఆ బద్ద ఇప్పుడు నా టూల్ బ్యాగులో మల్టీటూల్ పక్కనే ఉంది.

నేను చెప్పాలనుకున్నది ఇదే అసలు. యాప్‌లో ఎత్తు తెలుస్తుంది, దూరం తెలుస్తుంది, కింద ఏ మట్టి ఉందో, నిన్న వాన పడిందో లేదో తెలీదు. కొత్త చోట డొంక ఎక్కేముందు ఒక్క నిమిషం ఆగి, పిడికెడు మట్టి తీసి నలిపి చూడండి. పొడిగా రాలితే వెళ్ళండి, ఉండ కట్టిందా, గట్టు మీద గడ్డి వెతుక్కోండి. తర్వాతే పంపు తీయండి.

పద్మనాభంలో కొండ మీద ఉన్నది కూడా అనంత పద్మనాభ స్వామే. పొద్దున వికారాబాద్‌లో మొక్కే దేవుడు ఇక్కడ కూడా కొండెక్కి కూర్చున్నాడని తెలిసి మెట్ల దగ్గర చాలాసేపు ఉండిపోయా. 1794లో విజయనగరం రాజు విజయరామ గజపతి ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు అక్కడంతా పొలాలు, కోతలు నడుస్తున్నాయి, వరి కుప్పల వాసన.

సాయంత్రానికి మళ్ళీ భీమిలి. మొత్తం 78 కిలోమీటర్లు, అందులో మట్టి 31. గోస్తని సముద్రంలో కలిసే చోట బావ చూపించాడు, నది నీళ్ళు గోధుమరంగులో వచ్చి నీలంలో కొంతదూరం విడిగానే పోతున్నాయి, గీత స్పష్టంగా కనిపిస్తోంది. పొద్దున గొడవ సంగతి ఎవరం ఎత్తలేదు, వేడి వేడి బజ్జీలు తిన్నాం.

జనవరిలో గోస్తని పక్కనే పైకి, తాటిపూడి రిజర్వాయర్ దాకా వెళ్దామని ప్లాన్, అప్పటికి డొంకలు బాగా ఎండిపోతాయి. హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తానంటే 40 ఎంఎం కంటే సన్న టైర్లతో రావద్దు, రెండు బాటిళ్ళు కాదు మూడు పెట్టుకోండి. తాటిమట్ట బద్దలు నేను తెస్తా.