పెడనలో కాకర తీగ

మందార పూలతో గుడ్డకి రంగు వేద్దామని మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ భంగపడి, ఆ ఉక్రోషంలో పెట్టుకున్న ప్రయాణం ఇది. మా మిద్దె మీద మందార చెట్టు రోజుకి ఇరవై, పాతిక పూలు పూస్తుంది. సాయంత్రానికి ముడుచుకుని రాలిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. వాటిని ఉడకబెట్టి, నేను కుట్టుకునే కాటన్ సంచులు ముంచితే మొదట అద్భుతమైన వంగపండు రంగు వచ్చింది. సబ్బు తగలగానే పాచి పట్టిన ఆకుపచ్చ. ఎండలో రెండు రోజులు ఉంచితే అదీ లేదు. మా ఆయన చూసి, "టీ వడగట్టిన గుడ్డలా ఉందే" అని నవ్వాడు. అంతే, కలంకారీ అద్దకానికి పేరున్న పెడన వెళ్లి, చెక్క అచ్చులతో గుడ్డ మీద రంగులు అద్దేవాళ్లనే అడగాలని నిర్ణయించేశాను.

హైదరాబాద్ నుంచి బెజవాడ, అక్కడి నుంచి బందరు బస్సు. పామర్రు దాకా నిద్రపోయాను కాబట్టి దారి గురించి రాయడానికేమీ లేదు. బందరు బస్టాండ్ బయట మాత్రం ఆటో అతను పెడనకి నాలుగు వందలన్నాడు. పది కిలోమీటర్ల దూరానికి! నేను కోపంగా రోడ్డు దాటి షేర్ ఆటో ఎక్కాను, ఒళ్లో పక్కావిడ కూరగాయల సంచీతో సహా. ఆవిడే అడిగి, ఏ సందులో దిగాలో, ఎవరి షెడ్డులో చూపిస్తారో చెప్పింది. "అద్దకం కొనడానికా, చూడడానికా?" అంది. చూడడానికి అంటే, "చూడడానికి ఏముందమ్మా అందులో, గుడ్డలు తడిపి ఆరేస్తారు" అని పెదవి విరిచింది. పెడనలో ఉన్నవాళ్లకి అంతేనేమో. మా ఊళ్లో మామిడి తోట చూడ్డానికి ఎవరైనా వస్తే మేమూ అలాగే చూసేవాళ్లం.

షెడ్డులో అడుగు పెట్టగానే ముందు తగిలింది వాసన. పాత సారా బట్టీ పక్కన నిలబడ్డట్టు ఉంది. మూల కుండల్లో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు. రెండు మూడు వారాలు పులియబెడతారట, అదే నల్లరంగు. నేను కాస్త వేలు ముంచి చూస్తే నలుపేమీ లేదు, గోధుమ రంగు నీళ్లు. అద్దకం మేస్త్రీగారు అరవై దాటిన మనిషి, నన్ను చూసి నవ్వి, "చేతికి కాదమ్మా, కరక్కాయకి తగలాలి" అన్నారు. పక్కనున్న గుడ్డ చూపించారు, లేత పసుపు రంగులో ఉంది. కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి ఆరేసింది. దాని మీద ఆ గోధుమ రంగు నీళ్లు అచ్చుతో అద్దితే, నా కళ్లముందే నల్లబడింది.

కరక్కాయ! మా అమ్మ మందుల డబ్బాలో ఎప్పుడూ రెండు కరక్కాయలుండేవి. దగ్గు వస్తే ఒక ముక్క బుగ్గన పెట్టుకోమనేది. ఆ వగరుకి నాలుక మొద్దుబారిపోయేది, దగ్గు సంగతి దేవుడెరుగు. ఆ వగరే గుడ్డకి పట్టి, ఇనుముతో కలిసి నల్లబడుతోందని యాభై ఏళ్లు దాటాక తెలిసింది నాకు. పక్క డబ్బాలో దానిమ్మ తొక్కలు, అవి పసుపు రంగుకి. అవీ మా అమ్మ డబ్బాలో ఉండేవే, ఎండబెట్టి విరేచనాలకి కషాయం కాచేది. రంగుల షెడ్డుకి వచ్చానో, మా వంటింటి అటక మీదకి ఎక్కానో అర్థం కాలేదు.

మరి పూలు? నా మందారం సంగతి చెప్పాను. మేస్త్రీగారు చాలాసేపు మొహం చిట్లించి, "పూలు చూసి అచ్చు చెక్కుతాం గానీ పూలు పిండితే రంగు నిలవదమ్మా. వేరు, బెరడు, కాయ, తొక్క, వాటిల్లో చూడాలి" అన్నారు. మళ్లీ ఎర్ర రంగు దగ్గర నేను ఇంకో తప్పు చేశాను. పటికలో చింతగింజల జిగురు కలిపి అద్దుతున్నారు, గుడ్డ మీద ఎరుపు జాడే లేదు. "ఇది వెలిసిపోయిందా?" అని అడిగేశాను. అది తర్వాత ఎర్రరంగు నీళ్లలో ఉడకేసేటప్పుడు వస్తుందట. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది, మిగతా చోట పట్టదు. అద్దేవాళ్లు దాదాపు కనిపించని బొమ్మని అద్దుతూ పోతున్నారు, పొయ్యి మీద రాగి డేగిసాలో తేలేదాకా ఎక్కడ తప్పు పడిందో తెలీదు. నాకైతే ఆ టెన్షన్‌కే చేతులు వణుకుతాయి.

ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వస్తుందని చదివి వెళ్లాను. ఒకప్పుడు ఈ తీరంలో చిరివేరుతోనే ఎరుపు వేసేవాళ్లు. 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో గిడ్డంగి పెట్టుకున్నదీ ఈ అద్దకం గుడ్డల కోసమే ఎక్కువగా. మేస్త్రీగారు దాపరికం లేకుండా అల్మరాలోంచి ప్యాకెట్ తీసి చూపించారు. అలిజరిన్ పొడి. వేరులో ఉండే పదార్థమే, కానీ ఫ్యాక్టరీలో చేసింది. "వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి... ఎవరు కొంటారమ్మా ఆ రేటుకి?" నాకు కొంచెం నిరాశ కలిగింది, అబద్ధం చెప్పలేదని గౌరవమూ కలిగింది. ముందు రోజు బెజవాడలో ఒక దుకాణంలో అచ్చంగా ఆకు రంగులే అని నొక్కి చెప్పి దుపట్టా పద్దెనిమిది వందలంటే కొనేశాను. ఇక్కడ చూపిస్తే మేస్త్రీగారు వెనక్కి తిప్పి చూసి, "స్క్రీన్ ప్రింటు" అని మడిచి ఇచ్చేశారు. ఆ పద్దెనిమిది వందలు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అచ్చులు చెక్కే ఆయన ఇల్లు రెండు సందుల అవతల. టేకు చెక్క ముక్కలు, ఉలులు, నేలంతా పొట్టు. ఒక్క డిజైనుకి మూడు, నాలుగు అచ్చులు. గీత అచ్చు ఒకటి, ఒక్కో రంగుకి ఒక్కోటి. పాత అచ్చులు చూసి కొత్తవి చెక్కుతారనుకున్నాను, ఎక్కువ అంతేనట. కానీ ఒక బోర్డరు అచ్చు చేతికిచ్చి, "ఇది మా దడి మీదది మేడంగారూ" అన్నారు. బయటికి వెళ్లి చూశాను. కాకర పాదు. ఆకు అయిదు వేళ్లుగా చీలడం, ఆకు మొదట్లోంచి స్ప్రింగులా చుట్టుకునే నులితీగ, అన్నీ ఆ చెక్కలో ఉన్నాయి. మా మిద్దె మీదా మూడేళ్లుగా కాకర ఉంది. నేను అందులో చూసింది పురుగులూ, కాయలూ మాత్రమే.

ఆయన చెప్పిన కిటుకు ఇది: తీగ అందంగా గీయడం పెద్ద పని కాదు, అచ్చు కుడి అంచున ఎక్కడ తెగిందో ఎడమ అంచున సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. లేకపోతే గుడ్డంతా తెగిన తీగలే. నా నోట్‌బుక్‌లో అప్పటికప్పుడు ఒకటి గీసి చూపిస్తే, ఆయన పెన్సిల్‌తో ఒక్క నులితీగని పక్కకి లాగి రెండు చివర్లూ కలిపేశారు. ఆ కాగితం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

కాలువ దగ్గర ఉతుకుతుంటే చూశాను. పారే నీళ్లే కావాలట, నిలవ నీళ్లలో వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. కాసేపు కూర్చున్నాను. ఆకలేసి లేచాను.

తిరిగి బందరు బస్టాండులో దానిమ్మ జ్యూస్ తాగాను, అరవై రూపాయలు. బండి కింద బుట్టలో తొక్కలు గుట్టగా ఉన్నాయి. "ఇస్తావా బాబూ?" అన్నాను. కుర్రాడు నన్ను పైనుంచి కిందకి చూసి, కవరు నిండా నింపి, "పది రూపాయలండీ" అన్నాడు. పారేసే తొక్కలకి పది రూపాయలు! అయినా బేరమాడలేదు. బెజవాడ దాకా కవరు ఒళ్లోనే పెట్టుకున్నాను, పక్క సీటాయన రెండుసార్లు ముక్కు తిప్పుకున్నాడు.